మాస్కోను కాపాడింది సోర్గే పంపిన ఒక్క టెలిగ్రామేనా?

ప్రశ్న అడిగిన మిత్రులు రెండు సంగతులు కలిపి అడిగారు. టోక్యోలో ఉన్న సోవియట్ గూఢచారి రిచర్డ్ సోర్గే 1941 జూన్‌కు ముందే హిట్లర్ దాడి గురించి హెచ్చరిస్తే స్టాలిన్ చెవిన పెట్టలేదు. అదే సోర్గే సెప్టెంబరులో "ఈ ఏడాది జపాన్ మీ మీదికి రాదు" అని కబురు పంపితే మాత్రం నమ్మి, సైబీరియా సైన్యాన్ని మాస్కోకు తరలించి నగరాన్ని నిలబెట్టుకున్నాడు. మూడు నెలల తేడాలో ఒకే మనిషి మాట ఒకసారి చెత్తబుట్టలోకి, మరొకసారి నెత్తిమీదికి ఎలా వెళ్ళింది? ఒక్క వేగు వల్ల నిజంగా అంత పెద్ద యుద్ధం మలుపు తిరిగిందా? ఇదీ వారి సందేహం.

ముందు సూటిగా జవాబు చెప్పి, తరువాత కారణాలకు వస్తాను. సోర్గే పంపిన సమాచారం నిజమైనది, విలువైనది. కానీ మాస్కోను కాపాడింది అదొక్కటే కాదు. తూర్పు సైన్యం తరలింపు ఆయన సెప్టెంబరు సందేశానికి ముందే మొదలైంది. ఇక జూన్‌కూ సెప్టెంబరుకూ మధ్య మారింది సోర్గే కాదు, ఆయన మాట వినేవాడి అవసరం. జూన్‌లో ఆయన చెప్పింది స్టాలిన్ అప్పటికే కట్టుకున్న నమ్మకాన్ని కూల్చే మాట. సెప్టెంబరులో చెప్పింది, స్టాలిన్ వినాలని ఎదురుచూస్తున్న మాట. పైగా ఇతర ఆధారాలు కూడా అటే చూపుతున్నాయి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పుకోవాలి, ఎందుకంటే కింద చెప్పబోయే అభిప్రాయాలకు మూలం అదే. నేను సైన్యంలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం నా పని, కింది నుంచి వచ్చిన సమాచారాన్ని జల్లెడ పట్టి పైవారికి నివేదికగా పంపడం. పిస్తోలు పట్టుకుని గోడలు దూకే పని కాదు; కాగితాలు, పటాలు, చల్లారిపోయిన టీ గ్లాసులు, రాత్రి డ్యూటీలు. పదవీ విరమణ తరువాత ఈ కాలపు చరిత్రను, ముఖ్యంగా 1939–45 నాటి గూఢచర్యాన్ని, తీరిగ్గా చదువుతున్నాను. సోర్గే పేరు మాత్రం చిన్ననాటిదే. విశాలాంధ్ర వ్యాను ఊళ్ళోకి తెచ్చే మాస్కో పుస్తకాలు చదివి పెరిగిన మా తరానికి ఆయన ఒక పురాణపురుషుడు. అందుకే ఆయన గురించి రాసేటప్పుడు నా అభిమానాన్ని కాస్త అదుపులో పెట్టుకోవాల్సి వస్తుంది.

సోర్గే 1895లో బాకు దగ్గర పుట్టాడు. తండ్రి చమురు బావుల పనిమీద వచ్చిన జర్మన్ ఇంజనీరు, తల్లి రష్యన్. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ సైనికుడిగా పోరాడి కాళ్ళకు తీవ్రమైన గాయాలు తగిలించుకున్నాడు. కుంటు జీవితాంతం వదలలేదు. యుద్ధం చూసి విసిగి కమ్యూనిస్టు అయ్యాడు, హాంబర్గ్‌లో డాక్టరేట్ తీసుకున్నాడు, 1920లలో మాస్కో చేరాడు, 1929లో ఎర్రసైన్యం గూఢచార విభాగంలోకి వచ్చాడు. షాంఘైలో కొంతకాలం పనిచేసి, 1933లో జర్మన్ పత్రికా విలేఖరి వేషంలో జపాన్‌లో దిగాడు, నాజీ పార్టీ సభ్యత్వం కూడా సంపాదించుకున్నాడు. వేషం అన్నాను గాని, విలేఖరిగా ఆయన చేసిన పని అసలైనదే. జపాన్ వ్యవహారాల మీద ఆయన వ్యాసాలను జర్మనీలో శ్రద్ధగా చదివేవారు. దొంగ విలేఖరి అయితే ఎనిమిదేళ్ళు నిలిచేవాడు కాడు.

ఆయన బలం రెండు తలుపుల దగ్గర ఉంది. మొదటిది జర్మన్ రాయబార కార్యాలయం. ఓయ్‌గెన్ ఓట్ అనే సైనికాధికారి జపాన్‌కు కొత్తగా వచ్చినప్పుడే సోర్గే అతనితో స్నేహం చేశాడు. ఆ ఓట్ ముందు మిలిటరీ అటాషే (రాయబార కార్యాలయంలో సైనిక ప్రతినిధి) అయ్యాడు, 1938లో ఏకంగా రాయబారి అయ్యాడు. రాయబారి ఉదయం ఫలహారం చేస్తూ చర్చించే విషయాలు సోర్గేకు నేరుగా చెవిన పడేవి. రెండవ తలుపు ఒజాకి హొత్సుమి. ఈయన పేరున్న పాత్రికేయుడు, చైనా వ్యవహారాల నిపుణుడు, ప్రధానమంత్రి కొనోయె చుట్టూ ఉన్న సలహాదారుల బృందంలో ఒకడు. వీరితో పాటు అమెరికా నుంచి తిరిగివచ్చిన చిత్రకారుడు మియాగి, ఫ్రెంచి వార్తాసంస్థకు పనిచేసే యుగోస్లావియా జాతీయుడు వుకెలిచ్, వైర్‌లెస్ నడిపే మాక్స్ క్లౌజెన్ ఉండేవారు. సందేశాలను సంకేతలిపిలోకి మార్చడానికి వారు వాడింది జర్మనీ ప్రభుత్వ గణాంకాల వార్షిక పుస్తకం. విలేఖరి ఇంటి అలమరలో అది ఉంటే ఎవరికీ అనుమానం రాదు కదా.

ఇక జూన్ సంగతి. 1941 మే నెలాఖరున సోర్గే పంపిన సందేశంలో, జూన్ రెండవ సగంలో దాడి మొదలవుతుందని బెర్లిన్ నుంచి ఓట్‌కు సమాచారం వచ్చిందనీ, యుద్ధం ఖాయమని ఓట్ 95 శాతం నమ్ముతున్నాడనీ ఉంది. బెర్లిన్ నుంచి బాంకాక్ వెళుతూ టోక్యోలో ఆగిన షోల్ అనే జర్మన్ సైనికాధికారి చెప్పిన మాటలను ఆ వెంటనే మరో సందేశంలో పంపాడు. వీటికి మాస్కోలో దక్కిన గౌరవం ఏమిటంటే, అనుమానాస్పదమైన, తప్పుదారి పట్టించే నివేదికల జాబితాలో చేర్చమన్న గుర్తు. జపాన్‌లో చిన్న చిన్న ఫ్యాక్టరీలు, వేశ్యాగృహాలు పెట్టుకుని కూర్చున్న వాడి మాట మేము నమ్మాలా అని స్టాలిన్ బూతు మాటతో ఈసడించినట్టు ఆనాటి సైనికాధికారుల జ్ఞాపకాల్లో ఉంది.

ఇక్కడ ఒక దిద్దుబాటు. సోర్గే "జూన్ 22" అని తేదీతో సహా చెప్పాడన్న కథను నమ్మకండి. ఆ తేదీ ఉన్నదని చూపించే టెలిగ్రాం తరువాతి కాలంలో, స్టాలిన్ తరువాత వచ్చిన క్రుశ్చేవ్ హయాంలో, పుట్టించినదని రష్యా గూఢచార వర్గాలే ఒప్పుకున్నాయి. ఆయన చెప్పింది జూన్ మధ్య నుంచి నెలాఖరు లోపల అని. వృత్తిలో ఉన్నవారికి అది చాలా ఎక్కువ. కథలు అల్లేవారికి మాత్రం చాలదు.

స్టాలిన్ నమ్మకపోవడాన్ని మూర్ఖత్వం అని ఒక్క మాటతో కొట్టిపారేయడం సులభం. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. కానీ ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడి కళ్ళతో చూస్తే చిత్రం కొంచెం వేరుగా ఉంటుంది. ఆ వసంతంలో మాస్కోకు వచ్చిన హెచ్చరిక సోర్గేది ఒక్కటే కాదు. పదుల కొద్దీ వచ్చాయి. ఏప్రిల్ అన్నారు, మే అన్నారు, పంట కోతల తరువాత అన్నారు, ఇంగ్లండ్ పని ముగిశాక అన్నారు. దాడి నిజంగానే మే నుంచి జూన్‌కు వాయిదా పడింది కూడా. ఒక్కొక్క తేదీ ఏమీ జరగకుండా దాటిపోయేసరికి, నాన్నా పులి కథలో పిల్లవాడికి పట్టిన గతే ఆ నివేదికలు పంపినవారికి పట్టింది. దీనికి తోడు జర్మన్లు కావాలని వదిలిన పుకార్లు: తూర్పున సైన్యాన్ని పోగుచేస్తున్నది ఇంగ్లండ్ విమానాలకు అందకుండా విశ్రాంతి ఇవ్వడానికేనని ఒకటి, హిట్లర్ ముందు కొన్ని కోరికలు పెట్టి, అవి తీరకపోతేనే యుద్ధానికి దిగుతాడని మరొకటి. బెర్లిన్‌లోని సోవియట్ రాయబార కార్యాలయం నమ్మిన బెర్లింగ్స్ అనే లాట్వియా పాత్రికేయుడు నిజానికి జర్మన్ల మనిషి. అతని నోట జర్మనీ విదేశాంగ మంత్రి రిబ్బెన్‌ట్రోప్ తనకు కావలసిన మాటలు పలికించి మాస్కోకు చేరవేసేవాడు.

అయినా సరే, తాలు ఎక్కువగా ఉందన్నంత మాత్రాన గింజ కనిపించకపోవడానికి అది సాకు కాదు. అసలు జబ్బు వేరే చోట ఉంది. రెండు వైపులా యుద్ధం పెట్టుకునేంత తెలివితక్కువవాడు కాదు హిట్లర్ అన్నది స్టాలిన్ సిద్ధాంతం. ఇంగ్లండే తనను జర్మనీతో తగువులోకి లాగాలని చూస్తున్నదన్నది దానికి అనుబంధం. ఏప్రిల్‌లో చర్చిల్ హెచ్చరిక పంపితే అది ఆ అనుబంధాన్నే బలపరిచింది. మే 10న హిట్లర్ సహచరుడు హెస్ విమానంలో స్కాట్లండ్ వెళ్ళి దిగితే, అది కూడా ఇంగ్లండ్ కుట్రకు సాక్ష్యంగానే కనిపించింది. ఒకసారి సిద్ధాంతం గట్టిపడ్డాక, దానికి వ్యతిరేకంగా వచ్చిన ప్రతి ఆధారమూ శత్రువు పన్నాగానికి ఋజువుగా మారుతుంది. జూన్ 17న జర్మన్ వైమానిక దళ కార్యాలయంలోని సొంత మనిషి పంపిన నివేదిక మీద కూడా స్టాలిన్ స్వదస్తూరీతో, ఇక్కడ రాయలేని తిట్టు రాసి, ఇతను సమాచారం ఇచ్చేవాడు కాదు, తప్పుదారి పట్టించేవాడు అని తీర్మానించాడు.

మరి ఆయన చుట్టూ ఉన్నవారు ఎందుకు గట్టిగా చెప్పలేదు? ఈ ప్రశ్నకు జవాబు ఒక పేర్ల జాబితాలో ఉంది. సోవియట్ సైనిక గూఢచార విభాగాన్ని నడిపిన బెర్జిన్, ఉరిత్‌స్కీ, గెందిన్, ఒర్లోవ్, ప్రొస్కురోవ్, వీరందరినీ 1938–41 మధ్య సొంత ప్రభుత్వమే కాల్చి చంపింది. సోర్గేను ఆ ఉద్యోగంలోకి తీసుకున్నది బెర్జినే. పెద్దవాడు దేశద్రోహి అని ముద్రపడ్డాక, అతను ఏరికోరి పంపిన మనిషి మీద అనుమానం రాకుండా ఉంటుందా? పైగా స్టాలిన్ సొంతవారినే ఏరివేసిన ఆ శుద్ధి కార్యక్రమం జోరుగా సాగుతున్న రోజుల్లో మాస్కోకు తిరిగి రమ్మంటే సోర్గే ఏవో పనులు చూపించి ఆగిపోయాడు. అది ప్రాణాలు దక్కించింది గాని అనుమానాన్ని ముదర పెట్టింది. 1940 జూలైలో ప్రొస్కురోవ్ స్థానంలోకి వచ్చిన గోలికోవ్‌కు ఈ లెక్కలన్నీ తెలుసు. 1941 మార్చి 20న ఆయన సమర్పించిన నివేదిక చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. జర్మన్ దాడి ఏ మార్గాల్లో రావచ్చో అందులో దాదాపు సరిగ్గానే ఉంది. చివర ముక్తాయింపులో మాత్రం, ఈ వసంతంలో యుద్ధం తప్పదన్న వార్తలన్నీ ఇంగ్లండ్, బహుశా జర్మనీ కూడా పుట్టించిన తప్పుడు ప్రచారమని ఉంది. వాస్తవాలను ఒంట్లో దాచి, ప్రభువు మెచ్చే మాటను తలమీద పెట్టిన నివేదిక అది. ఇలాంటి కాగితాలు నేను చూశాను. అంత భయం లేని చోట, కేవలం పదోన్నతి కోసం రాసినవి కూడా చూశాను.

నా సొంత అనుభవాల్లో రెండు ఇక్కడ పనికివస్తాయి. మా పనిలో ప్రతి నివేదికకూ రెండు గుర్తులు వేస్తాం. చెప్పినవాడు ఎంతవరకు నమ్మదగినవాడో ఏ నుంచి ఎఫ్ వరకు ఒక అక్షరం, చెప్పిన సంగతి ఎంతవరకు నిజం కావచ్చో 1 నుంచి 6 వరకు ఒక అంకె. ఈ రెండూ విడివిడిగా వేయాలి. మంచివాడు తప్పు చెప్పవచ్చు, పోకిరి నిజం చెప్పవచ్చు. సూత్రం అందరికీ తెలుసు, పాటించడమే కష్టం. ఒక సరిహద్దు ప్రాంతంలో పనిచేసే రోజుల్లో, తాగుడు అలవాటున్న ఒక మనిషి ఇచ్చిన కబురుకు నేను నమ్మలేమన్న అంకె వేసి పక్కన పెట్టాను. అంతకు ముందు రెండుసార్లు అతను చెప్పిన రోజు ఏమీ జరగలేదు. మూడవసారి చెప్పినది చెప్పినట్టు జరిగింది. ప్రాణనష్టం లేకపోవడం మా అదృష్టమే గాని నా తెలివి కాదు. తరువాత పాత కాగితాలు తిరగేస్తే తెలిసింది: మొదటి రెండుసార్లు కూడా అతను చెప్పింది నిజమే, అవతలివారే రోజు మార్చుకున్నారు. నేను గుర్తు వేసింది కబురు మీద కాదు, అతని నోటి వాసన మీద.

సోర్గే విషయంలోనూ ఇదే జరిగింది. తాగుడు, స్త్రీలతో స్నేహాలు, మోటార్ సైకిల్ మీద అడ్డదిడ్డమైన వేగం, ఇవన్నీ ఆయన ఫైల్లో ఉన్నవే. 1938లో తాగి బండి నడిపి టోక్యోలో గోడకు గుద్దుకుని దవడ పగలగొట్టుకున్నాడు. జేబులో రహస్య కాగితాలు ఉన్నాయి. ఆసుపత్రిలో స్పృహ తప్పకుండా నిలదొక్కుకుని, క్లౌజెన్‌ను పిలిపించి, ఆ కాగితాలు అతని చేతికి అందాకే మూర్ఛపోయాడు. ఆ సంఘటనలో ఆయన బలహీనతా కనిపిస్తుంది, బలమూ కనిపిస్తుంది. మాస్కో మాత్రం మొదటిదే చూసింది.

రెండవ అనుభవం దీనికి తలకిందులుగా ఉంటుంది. ఒకసారి మూడు వేర్వేరు చోట్ల నుంచి ఒకే సమాచారం వచ్చింది. ముగ్గురు విడివిడిగా చెప్పారు గదా అని మేము ఎగిరి గంతేసి మంచి అంకె వేశాం. తీరా తవ్వి చూస్తే, ముగ్గురికీ చెప్పినవాడు ఒకే ఒక్క గొర్రెల కాపరి. మేము ఒక్క గొంతునే మూడు వైపుల నుంచి విన్నాం. అప్పటినుంచి ఎవరైనా "చాలా ఆధారాలు ఉన్నాయి" అంటే, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వచ్చినవేనా అని అడగడం అలవాటైంది. సెప్టెంబరు కథలో ముఖ్యమైన ప్రశ్న ఇదే.

జూన్ 22 తరువాత మాస్కోలో సోర్గే విలువ ఒక్కసారిగా పెరిగింది. చెప్పింది జరిగింది కాబట్టి, ఆ తరువాతి నివేదికల మీద ఇతని వెనుకటి సమాచారం చాలావరకు సరైనదే, కనుక ఇది నమ్మదగినదే అన్న రాతలు కనిపిస్తాయి. ఇప్పుడు అడగవలసిన ప్రశ్న మారింది: జర్మనీ పడమర నుంచి తోసుకొస్తుంటే, జపాన్ తూర్పున దెబ్బ తీస్తుందా? 1941 జూలై 2న చక్రవర్తి సమక్షంలో జరిగిన సమావేశంలో జపాన్ నాయకులు రెండు పడవల మీద కాళ్ళు పెట్టారు. దక్షిణాన ఇండోచైనా వైపు కదలాలి, ఉత్తరాన కూడా సిద్ధమవ్వాలి, రష్యా కుప్పకూలే సూచనలు కనిపిస్తే అప్పుడు దిగాలి. విన్యాసాల పేరుతో, చైనా ఈశాన్యాన తమ ఆధీనంలో ఉన్న మంచూరియాలో సైన్యాన్ని సుమారు 7 లక్షలకు పెంచారు. ఆ నెలలో సోర్గే పంపిన సందేశాల్లోనూ ఊగిసలాట ఉంది. ఉండాలి కూడా, ఎందుకంటే టోక్యోలోనే నిర్ణయం ఊగిసలాడుతోంది. లేని నిశ్చయాన్ని ఉన్నట్టు చెప్పేవాడు మంచి గూఢచారి కాడు.

ఆగస్టు, సెప్టెంబరుల్లో ఈ బృందం చేసిన పనే నా దృష్టిలో వారి అసలు ఘనత. ఒజాకి మంత్రుల మాటలు వింటూ కూర్చోలేదు. కొత్తగా పిలిచిన సైనికులు ఎటు రైలెక్కుతున్నారు, వారికి ఇస్తున్నవి ఎండదేశాల బట్టలా, చలిదేశాల బట్టలా అని వారు ఆరా తీశారు. ఒజాకి దక్షిణ మంచూరియా రైల్వే సంస్థకు సలహాదారు కూడా. సెప్టెంబరులో స్వయంగా మంచూరియా వెళ్ళి చూశాడు. యుద్ధం వస్తే కావాలని సైన్యం మొదట వేల సంఖ్యలో అడిగిన రైల్వే సిబ్బంది అవసరం క్రమంగా తగ్గిపోయిందని అక్కడ తెలిసింది. మాటలు అబద్ధమాడతాయి, చొక్కాలు, రైలు పెట్టెలు, కూలీల లెక్కలు అంత తేలిగ్గా అబద్ధమాడవు. సెప్టెంబరు 14న సోర్గే పంపిన సందేశంలో ఉన్నది ఇది: ఈ ఏడాది జపాన్ రష్యా మీద దాడి చేయదు; కానీ వచ్చే వసంతం నాటికి రష్యా ఓడిపోయే పక్షంలో అవకాశం వాడుకోవడానికి సైన్యాన్ని మంచూరియాలోనే ఉంచుతుంది. రెండవ సగాన్ని కథలు చెప్పేవారు ఎప్పుడూ వదిలేస్తారు.

ఈ సందేశాన్ని బలపరిచే, దానితో సంబంధం లేని ఆధారాలు ఉన్నాయా? ఉన్నాయి, అవి బహిరంగంగానే ఉన్నాయి. జూలైలో జపాన్ దక్షిణ ఇండోచైనాలోకి వెళ్ళింది. అమెరికా జపాన్ ఆస్తులను స్తంభింపజేసి, ఆగస్టు ఆరంభానికి చమురు ఆపేసింది. జపాన్ చమురులో అధికభాగం అమెరికాదే. చమురు లేని దేశం చమురు ఉన్న డచ్ ఈస్టిండీస్ (నేటి ఇండోనేషియా) వైపు చూస్తుంది గాని, మంచు కప్పిన సైబీరియా వైపు కాదు. 1939లో మంగోలియా సరిహద్దున ఖల్ఖిన్ గోల్ దగ్గర సోవియట్ సేనాని జుకోవ్ చేతిలో తిన్న దెబ్బ జపాన్ సైన్యానికి ఇంకా మానలేదు. ఆగస్టు 9 నాటికే జపాన్ సైన్యం ప్రధాన కార్యాలయం ఆ ఏడాదికి ఉత్తర దాడి ఆలోచన విరమించుకుంది. అక్కడి చలికాలం సైబీరియాలో యుద్ధం మొదలుపెట్టనివ్వదు. సెప్టెంబరు దాటితే క్యాలెండరే ఒక గూఢచారి. సోవియట్ గూఢలిపి నిపుణులు కూడా తమ వంతుగా జపాన్ దౌత్య సందేశాలను చదివేవారు. ఇన్ని దారులు ఒకే చోటికి వచ్చి కలిశాయి కాబట్టే నమ్మడం తేలికైంది.

ఇప్పుడు సైన్యం లెక్క చూద్దాం. కథ ఎక్కువగా బీటలు వారేది ఇక్కడే. తరలింపు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. లూకిన్ నాయకత్వంలోని 16వ సైన్యం బైకాల్ సరస్సు అవతలి నుంచి పడమరకు కదలడం యుద్ధానికి ముందే, మే–జూన్ నెలల్లోనే మొదలైంది. జూలైలో అది స్మోలెన్స్క్ దగ్గర పోరాడుతోంది. అక్టోబరు మధ్యలో బొరోదినో మైదానంలో జర్మన్లను రోజుల తరబడి నిలువరించిన పొలొసూఖిన్ 32వ రైఫిల్ డివిజన్ పసిఫిక్ తీరప్రాంతం నుంచి వచ్చినదే. అది సెప్టెంబరు 11 ప్రాంతంలోనే రైలెక్కింది. అంటే సోర్గే సందేశం టోక్యో నుంచి బయలుదేరకముందే. బెలొబొరోదొవ్ 78వ డివిజన్ మాత్రం ఖబారోవ్‌స్క్ నుంచి అక్టోబరులో కదిలి, ఇస్త్రా దగ్గర పోరాటంలోకి దిగింది. ఇది సందేశం తరువాతి తరలింపు కాబట్టి, సోర్గే ప్రభావం కొంత ఉందంటే కాదనను. ఒక డివిజన్ అంటే వేలమంది మనుషులు, గుర్రాలు, ఫిరంగులు, పదుల కొద్దీ రైళ్ళు, తొమ్మిది వేల కిలోమీటర్లకు దరిదాపుల ప్రయాణం. ఒక టెలిగ్రాం చదివి మరునాడు మీట నొక్కితే జరిగే పని కాదది.

ఇంకొక సంగతి. డిసెంబరు 5న మొదలైన ఎదురుదాడికి ముందు మాస్కో ముంగిట దింపిన 1వ షాక్ సైన్యం, 10వ సైన్యం, 20వ సైన్యం ప్రధానంగా దేశం లోపల కొత్తగా కూర్చిన రిజర్వు దళాలు. "సైబీరియా సైనికులు" అన్న మాటను జర్మన్లు చలిబట్టలు తొడుక్కుని గట్టిగా కొట్టిన ప్రతివాడికీ తగిలించారు. తమ ఓటమికి అది వారికి గౌరవప్రదమైన వివరణ. ఆ 10వ సైన్యానికి అధిపతి ఎవరో తెలుసా? మార్చిలో ముక్తాయింపు రాసిన గోలికోవే. చరిత్రకు హాస్యం తెలుసు. మరోవైపు, సోర్గే హామీ తరువాత కూడా స్టాలిన్ తూర్పును ఖాళీ చేయలేదు. అక్కడ లక్షల సైన్యాన్ని ఉంచాడు, తీసిన డివిజన్ల స్థానంలో కొత్తవి నింపించాడు. ఒక్క గూఢచారి మాట మీద దేశం తలుపు తెరిచిపెట్టే పాలకుడు కాడు ఆయన. ఈ ఒక్క విషయంలో ఆయనది సరైన పనే అంటాను.

అలాగని సోర్గేను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. ఆయన సందేశం తరలింపును పుట్టించలేదు గాని, సాగుతున్న తరలింపును నిబ్బరంగా సాగనిచ్చింది. అక్టోబరులో వ్యాజ్మా, బ్రియాన్స్క్ దగ్గర లక్షల మంది సోవియట్ సైనికులు జర్మన్ల చుట్టుముట్టుడులో చిక్కుకుపోయి, మాస్కో నుంచి ప్రభుత్వ కార్యాలయాలు తరలిపోతున్నప్పుడు, తూర్పు నుంచి ఇంకొక డివిజన్ తీయవచ్చా లేదా అన్న ప్రశ్న రోజూ ఎదురవుతుంది. అప్పుడు "తీయవచ్చు" అనడానికి చేతిలో ఉన్న కాగితాల్లో ఆయనది ఒకటి. గూఢచర్యం ఇచ్చేది చాలావరకు అంతే. అది కూడా తక్కువేమీ కాదు.

చాలామంది చెప్పని మరో సంగతి కూడా ఉంది. సోర్గే రాసినదంతా మాస్కో చేరలేదు. వైర్‌లెస్ నడిపే క్లౌజెన్ పైకి చూపించడానికి పెట్టిన యంత్రాల వ్యాపారం నిజంగానే లాభాల్లో పడింది. మాస్కో ఖర్చులు తగ్గించి, ఆ లాభాలతోనే నడుపుకోమంది. క్లౌజెన్‌కు అటు కమ్యూనిజం మీద ఆసక్తి తగ్గింది, ఇటు తన డబ్బు పోతోందన్న కడుపుమంట పెరిగింది. 1941లో సోర్గే ఇచ్చిన కాగితాలను అతను సగానికి సగం కోసి పంపాడు, కొన్నింటిని అసలు పంపలేదు. అరెస్టయిన తరువాత తనే చెప్పుకున్నాడు. పదాల లెక్క చూస్తే 1940లో సుమారు 29 వేలు వెళ్ళగా, 1941లో సుమారు 13 వేలే వెళ్ళాయి. స్టాలిన్ వినలేదని ఎనభై ఏళ్ళుగా అందరం అంటున్నాం. చెప్పవలసినది చెప్పినట్టు పంపనివాడు టోక్యోలో సోర్గే పక్కనే కూర్చుని ఉన్నాడు.

అక్టోబరులో ఆ బృందం కూలిపోయింది. 10న మియాగిని పట్టుకున్నారు, నాలుగైదు రోజుల్లో ఒజాకిని, 18న సోర్గేను, క్లౌజెన్‌ను, వుకెలిచ్‌ను. తోజో ప్రధానమంత్రి పదవి చేపట్టినదీ ఆ రోజే. మియాగి, వుకెలిచ్ జైల్లోనే చనిపోయారు. సోర్గేను, ఒజాకిని 1944 నవంబరు 7న, సరిగ్గా అక్టోబరు విప్లవ వార్షికోత్సవం నాడు, సుగామో జైల్లో ఉరితీశారు. మాస్కోలో ఉన్న ఆయన భార్య కాత్యా మాక్సిమోవాను సొంత ప్రభుత్వమే 1942లో అరెస్టు చేసి ప్రవాసానికి పంపింది. ఆమె 1943లో అక్కడే మరణించింది. యావజ్జీవ శిక్ష పడిన క్లౌజెన్ మాత్రం జపాన్ ఓడిపోగానే బయటపడి, తూర్పు జర్మనీలో 1979 వరకు బతికాడు.

ఇరవై ఏళ్ళు సోవియట్ ప్రభుత్వం సోర్గే తమవాడని ఒప్పుకోలేదు. 1964 నవంబరులో హఠాత్తుగా "సోవియట్ యూనియన్ వీరుడు" బిరుదు ఇచ్చి, మరుసటి ఏడాది తపాలా బిళ్ళ వేసింది. మాకు పుస్తకాల్లో చేరిన సోర్గే ఆ తరువాతి సోర్గే. స్టాలిన్ తప్పులను ఎత్తిచూపడానికి వినని హెచ్చరిక పనికివచ్చింది. గూఢచార శాఖ ప్రతిష్ఠకు మాస్కోను కాపాడిన టెలిగ్రాం పనికివచ్చింది. జూన్ 22 అన్న తేదీ కూడా ఆ ఊపులోనే అతుక్కుంది.

ఈ విషయం మీద మీరు చదివే వ్యాసాల్లో సోర్గే వల్ల ఇన్ని డివిజన్లు మాస్కో చేరాయని ఒక గుండు సంఖ్య ఉండే ఉంటుంది. అలాంటిది కనిపించినప్పుడు ఆ డివిజన్ల సంఖ్యలు, అవి రైలెక్కిన తేదీలు వెతికి, వాటి పక్కన సెప్టెంబరు 14 అని రాసి చూడండి. పైన చెప్పిన 16వ సైన్యం, 32వ డివిజన్, 78వ డివిజన్‌లతో మొదలుపెడితే చాలు. మూడింటిలో రెండు ఆ గీతకు ముందే ఉంటాయి. వేరే డివిజన్ల పేర్లు, తేదీలు మీకు దొరికితే ఇక్కడ రాయండి, కలిపి చూద్దాం.